వదిన బండిలో మడ్డి

ఆ పేటలో కారు నడిపే ఆడవాళ్లలో సగం మందికి గురువు ఆవిడే. నర్సులు, దర్జీలు, మనవలున్న అమ్మమ్మలు, కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు, అందరూ ఆవిడ పక్కన కూర్చుని చెమటలు కక్కినవాళ్లే. "క్లచ్ మెల్లగా తల్లీ, మెల్లగా! పాలు పొంగొస్తుంటే మంట తగ్గిస్తామే, అలా!" అని రోజంతా చెప్పీ చెప్పీ ఆవిడకు క్లచ్ టీచర్ అన్న పేరు స్థిరపడిపోయింది. ఇంటికి ఫోన్ వస్తే ఆవిడ భర్త కూడా "క్లచ్ టీచర్ ఇల్లేనండీ" అని పలికేవాడు. ఆయనది కళ్లద్దాల కొట్టు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ.

ఆవిడ బండి బూడిద రంగుది, పాతది. బోధించే మనిషి వైపు కూడా పెడల్స్ పెట్టించుకుంది. దాన్ని బిడ్డలా చూసుకునేది గానీ, ఆ బిడ్డకు తిండి సరిగ్గా పెట్టడం లేదన్న సంగతి మాత్రం ఆవిడకు తట్టలేదు. పొద్దస్తమానం సందుల్లో మొదటి గేరు, రెండో గేరు. ఆగడం, కదలడం, మళ్లీ ఆగడం. ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే పాఠం అయిపోయేది. ఆ హడావుడిలో నూనె మార్చే గడువు కూడా రేపు, మాపు అని జరిగిపోతూ వచ్చింది.

ఒక ఉదయం ఒక నర్సమ్మ మలుపు తిప్పుతూ, "టీచర్, ఇక్కడ ఎర్రగా ఏదో మిణుకుమంటోంది" అంది.

క్లచ్ టీచర్ తొంగి చూసింది. ఇంజన్‌కు నూనె అందకపోతే వెలిగే దీపం. గొంతు మామూలుగానే ఉంచి, "పక్కకి తీసి ఆపేయ్ తల్లీ. ఇంజన్ ఆపేయ్. ఇవాళ మనకి తోసే పాఠం" అంది.

ఇద్దరూ దిగి తోశారు. నర్సమ్మకు నవ్వొచ్చి బలం చాలలేదు. చాలేలోపు ఈవిడకూ నవ్వొచ్చింది. కిరాణా కొట్టాయన వచ్చి చెయ్యి వేస్తే గానీ బండి పక్క వీధిలోని షెడ్డు చేరలేదు.

ఆ షెడ్డు ఆవిడ మరిదిది. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో అతను బళ్లో చదువుకునే పిల్లాడు. వదిన తెచ్చుకున్న అలారం గడియారాన్ని విప్పి, మళ్లీ బిగించి, మిగిలిపోయిన మరను ఆవిడ చేతిలో పెట్టిన ఘనుడు. ఇప్పుడు అతను ముట్టుకుంటే కదలని బండి లేదు. ఒక్కటే లోటు. అతనికి బండి నడపడం రాదు. బాగుచేసిన కార్లను యజమానులే వచ్చి తీసుకుపోవాలి. ఊరందరికీ తెలిసిన రహస్యమే గానీ, మొహం మీద ఆటపట్టించే హక్కు వదినకొక్కదానికే ఉండేది.

అతను నూనె పోసే మూత తిప్పి తీసి, లోపల వేలు పెట్టి పైకెత్తి చూపించాడు. వేలికి కాటుకలాంటి నల్లటి ముద్ద అంటుకుని ఉంది.

"వదినా, ఇది నూనె కాదు. మడ్డి. నీ బండి రక్తం గడ్డకట్టింది."

"ఏం మాటలయ్యా అవి! మనిషిని చంపేస్తావా?"

ఈలోపు కబురు తెలిసి కళ్లద్దాలాయన పరుగున వచ్చాడు. చేతిలో ఒక సీసా. "కొట్టుకొచ్చిన ఒకాయన ఇచ్చాడ్రా. ఇది పోసి కాసేపు తిప్పితే మడ్డంతా ఊడిపోతుందట!"

"ఊడిపోతుందనే నా భయం అన్నయ్యా" అన్నాడు మరిది. "ఇంత పేరుకున్నాక అది ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. అడుగున నూనె పీల్చుకునే జల్లెడ ఉంటుంది. ముక్కలు దానికి అడ్డం పడితే నూనె పైకి ఎక్కదు. బాగుచెయ్యబోయి మనమే గొంతు పిసికినట్టు. విప్పి చేత్తో తీద్దాం. ఆలస్యమైతే అవుతుంది."

"నేనూ చేస్తాను" అంది వదిన.

"చీర పాడవుతుంది."

"మీ అన్నయ్య పాత చొక్కాలున్నాయిగా."

అలా మర్నాడు క్లచ్ టీచర్ మొగుడి చొక్కా తొడుక్కుని, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, షెడ్డులో నిలబడింది. మరిది చక్రాలకు అడ్డాలు పెట్టి, జాకీతో బండి లేపి, ఇనప స్టాండ్ల మీద కూర్చోబెట్టాడు. ఆవిడ కిందికి వంగబోతే ఆపాడు. "ఆగు. ముందు ఊపి చూడాలి. జాకీని నమ్మి బండి కిందకి దూరకూడదు." ఊపి చూశాడు. కదల్లేదు. అప్పుడు దూరనిచ్చాడు. అడుగు బిరడా తీస్తే నూనె ధార కట్టకుండా పాకంలా సాగింది. దాన్ని డబ్బాలో పట్టి మూత బిగించి, పాత నూనె తీసుకునేవాళ్లకు ఇవ్వడానికి పక్కన పెట్టాడు. కాలవలో పోస్తే ఊరుకునే రకం కాదు.

ఇంజన్ కింద నూనె నిలిచే ఛాంబర్ ఊడదీసి తిరగేస్తే అడుగున రెండు వేళ్ల మందాన మడ్డి. జల్లెడ కళ్లన్నీ దాదాపు మూసుకుపోయి ఉన్నాయి. ఆవిడ నోరు నొక్కుకుంది. "నిన్న ఆపకపోయి ఉంటే?"

"నిన్న ఆపావుగా. ఇంకా దాని గురించి ఏడవడం దేనికి?"

ఊడదీసిన భాగాలను బయట చెట్టు కింద కిరసనాయిల్లో నానబెట్టారు. కళ్లద్దాలాయన అలవాటు కొద్దీ సిగరెట్టు నోట పెట్టుకుని అటు నడిచాడు. వదినా మరిదీ ఒక్కసారే "అటే ఉండండి!" "అక్కడే అన్నయ్యా!" అని అరిచేసరికి, సిగరెట్టు జేబులో దాచుకుని, దొంగలా గేటు దగ్గరే నిలబడ్డాడు. ఆ పూటంతా అక్కణ్నించే జోకులు విసిరాడు.

ఇంజన్ పై మూత తీసినప్పుడు మరిది మరీ జాగ్రత్తపడ్డాడు. నూనె కిందికి దిగే రంధ్రాలన్నిటిలో ముందుగా గుడ్డలు కుక్కాడు. "పెచ్చులు అందులో పడితే మళ్లీ మొదటికొస్తాం. మెత్తగా ఉన్నదంతా చెంచాతో తీసెయ్. గట్టిగా అంటుకున్నదాన్ని గీకకు, వదిలెయ్. దాన్ని కొత్త నూనే నెమ్మదిగా నానబెట్టి తీస్తుంది." ఆవిడ ప్లాస్టిక్ చెంచాతో తీస్తూంటే నల్లటి ముద్దల కింద లోహం మెరిసింది. గిన్నె మాడిస్తే తోమితోమి తళతళ రప్పించినప్పటి సంబరం ఆవిడకు కలిగింది. ఇంజన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే బ్రీదర్ గొట్టం మూసుకుపోయి ఉంటే అదీ మార్చి, మూత పెట్టబోతూ మరిది ఆగాడు.

"గుడ్డలన్నీ తీశావా?"

"గడియారంలో మర మిగిల్చినవాడివి నువ్వు నన్నడుగుతున్నావా?"

తీసే ఉన్నాయి. అయినా ఇద్దరూ మళ్లీ చూశారు.

కొత్త ఫిల్టరు, ఆ ఇంజన్‌కు సరిపడే కొత్త నూనె పోసి తాళం తిప్పారు. ఎర్ర దీపం ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. మరిది మీటరు తగిలించి నూనె ఒత్తిడి చూశాడు, తల ఊపాడు. గేటు దగ్గరి పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు.

"అయిపోలేదు" అన్నాడు మరిది. "దీన్ని కొన్నాళ్లు పెద్ద రోడ్డు మీద నిదానంగా, ఎక్కువసేపు తిప్పాలి. ఇంజన్ బాగా వేడెక్కాలి. తొందరగానే ఈ నూనె తీసేసి మళ్లీ కొత్తది పొయ్యాలి. అలా మెల్లగా మిగిలింది వదులుతుంది. నేనూ పక్కన కూర్చుని వింటాను."

రోజూ పొద్దున్నే ఇద్దరూ బయల్దేరేవారు. ఆవిడ నడిపేది, అతను చెవులు రిక్కించేవాడు. మొదటిసారి తీసిన నూనె నల్లగా, రెండోసారి తీసింది టీ రంగులో వచ్చింది. ఆ వేళ ఖాళీ రోడ్డు మీద ఆవిడ బండి పక్కకు తీసి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి అతని తలుపు తెరిచింది.

"జరుగు. అటెళ్లి కూర్చో."

"వద్దు వదినా! నువ్వు నడిపేటప్పుడు రోడ్డు చూస్తావు. నాకు లోపలున్నవన్నీ కనిపిస్తాయి. ప్రతి చప్పుడుకీ ఏదో విరిగిందనిపిస్తుంది. అందుకే నావల్ల కాదు."

ఇన్నేళ్లలో అతను ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఆవిడ నవ్వలేదు. ఎంతమంది భయాలను ఆ సీట్లో కూర్చోబెట్టిందో! కానీ ఇలాంటి భయం ఎన్నడూ వినలేదు.

"లోపలంతా విప్పిందెవరు?"

"నేనే."

"బిగించింది?"

"నేనే."

"మరి విరగడానికి ఏం మిగిల్చావయ్యా అందులో?"

అతను సీటు బెల్టు విప్పాడు. దిగి అటెళ్లి కూర్చున్నాడు. బండి రెండుసార్లు ఉలిక్కిపడి ఆగిపోయింది. మూడోసారి కదిలింది. "పాలు పొంగుతున్నాయి, మంట తగ్గించు" అంటోంది ఆవిడ. అతను నోరు తెరుచుకుని, స్టీరింగును కౌగిలించుకున్నంత పని చేసి, నాలుగు విద్యుత్ స్తంభాలు దాటి, "వదినా, నేనే నడుపుతున్నాను!" అని కేక పెట్టాడు. పొలంలో మేస్తున్న గేదె తలెత్తి చూసింది.

లైసెన్సు పరీక్షలో మొదటిసారి తప్పాడు, వెనక్కి తియ్యమంటే పరీక్షాధికారి బైకును ముద్దాడినందుకు. రెండోసారి గట్టెక్కాడు. ఆ ఆదివారం అందరినీ ఎక్కించుకుని బయల్దేరాడు. అన్నయ్య ముందు సీట్లో. వదిన వెనక, కిటికీ పక్కన. తన బండిలో ఆవిడ వెనక కూర్చోవడం అదే మొదలు. మొదట్లో కాళ్లు ఊరుకోక ముందు సీటును తన్నుతూ వచ్చింది. మెల్లగా కిటికీ అద్దం దించింది. ఎన్నేళ్లుగానో తిరిగిన దారే. అయినా పక్కన ఇన్ని పూలచెట్లున్నాయని ఆవిడకు ఆవేళే తెలిసింది.