పంటు దాటాక

జాంబియాలో మేం ఏడేళ్లున్నాం. ఆరున్నర అని మావారు వాదించేవారు గానీ, ఏడే. ఆయన అక్కడ స్కూల్లో లెక్కలు చెప్పేవారు. మా ఇంటికీ పట్నానికీ మధ్య నది. కార్లనీ లారీలనీ పంటు మీద దాటించేవారు. పంటు ఎక్కేముందు బండిలో వాళ్లంతా దిగిపోవాలి, నడిపేవాడొక్కడే దాన్ని ఎక్కించాలి. మిగతావాళ్లు వెనక నడిచి ఎక్కుతారు. అవతల కారు ముందు దిగి, గట్టు మీద ఆగుతుంది.

"దిగు. మునిగితే నేనొక్కణ్ణే మునుగుతాను" అనేవారు ప్రతిసారీ.

"మునగండి, నాకు వంట తప్పుతుంది" అనేదాన్ని. గట్టెక్కి చూస్తే, బానెట్‌కి ఆనుకుని నాకోసం నిలబడి ఉండేవారు.

సిడ్నీ వచ్చాక ఆయనకి మతిమరుపు మొదలైంది. డాక్టరు కారు మాన్పించమన్నాడు. మా అమ్మాయి తాళంచెవి దాచేస్తానంది. కారు కూడా లాక్కుంటే ఆ మనిషికి ఇంకేం మిగులుతుందని, కొన్నాళ్లు చూద్దామన్నాను.

అది 1990 మే. అమ్మాయి ఏప్రిల్ అంటుంది, కాదు. సిడ్నీలో మేముండే పెండిల్ హిల్ నుంచి ఇద్దరమే హాక్స్‌బరీ నది వైపు బయల్దేరాం. అక్కడా పంటు ఉంది. ఇక్కడ మాత్రం ఎవరూ కారు దిగరు. ఆయన రేవులో ఆపి, "దిగు" అన్నారు.

"ఇక్కడ దిగక్కర్లేదండీ."

"ఎన్నేళ్లొచ్చినా నీకు చెప్పాలా? మునిగితే నేనొక్కణ్ణే మునుగుతాను."

వెనక కారు హారన్ కొట్టింది. ఆ మాట పొల్లుపోకుండా గుర్తుందంటే ఇంకేం భయం అనుకున్నాను. సంతోషంగానే దిగి, కుచ్చిళ్లు పట్టుకుని, నడిచి ఎక్కాను.

అవతల మా కారు దిగింది. గట్టెక్కింది. మలుపు తిరిగింది. ఆగలేదు.

"మీ ముసలాయన మిమ్మల్ని మర్చిపోయినట్టున్నాడే!" అని పంటు నడిపేవాడు నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు.

వెనక కారులో ఆవిడ నన్ను ఎక్కించుకుంది. కొంత దూరంలో మా కారు రోడ్డు వారన కనిపించింది. ఇంజను ఆడుతూనే ఉంది. తలుపు తీశాను.

"పంటు ఇంకా రాలేదు" అన్నారాయన, నా వైపు చూడకుండా.

వంగి ఇంజను ఆపి, తాళంచెవి తీసుకున్నాను. వద్దనలేదు. అమ్మాయికి ఫోన్ చేయడానికి ఆవిడ వెళ్లింది. నాకు కారు నడపడం రాదు. తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

"వచ్చాక దిగడం మర్చిపోకు" అన్నారు.

"అలాగేనండీ" అన్నాను.