నల్లమలలో వాగు ఆపిన ఉదయం

ఎనభైల మొదట్లో నేను నందిగామలో టీచర్ని. మా ఆయనకు జగ్గయ్యపేటలో మోటారు షెడ్డు ఉండేది. ఒక ఆగస్టులో పాత జీపు ఒకటి బాగుచేసి, "నల్లమల అడవిలో రెండు రోజులుండి వద్దాం, గుడారం మనమే వేసుకుందాం" అన్నారు. వానలు కదా అన్నాను. అడవిని వానల్లోనే చూడాలన్నారు. ఇంట్లో ఒక్కతే ఉండలేక అత్తయ్య కూడా బయలుదేరింది.

సాగర్ దాటాక ముసురు పట్టింది. దోర్నాల దాటి, ఫారెస్టు గార్డు చూపించిన చోట, వాగుకు కాస్త ఎగువన టార్పాలిన్ కట్టుకున్నాం. తెల్లవార్లూ వాన. ఉదయానికి వాగు హోరు పెరిగింది. తిరిగి వెళ్లాలంటే ఆ వాగు దాటాల్సిందే.

"నీళ్లెంత ఉన్నాయో చూసొస్తా. అవసరమైతే మూడుసార్లు హారన్ కొట్టు, పరిగెత్తుకొస్తా" అని చెప్పి ఆయన కాలిబాటన వెళ్లారు. పావుగంటలో రావాల్సిన మనిషి అరగంటైనా రాలేదు. వాగులోకి గానీ దిగారా అని నాకు ఒకటే గుబులు. జీపులో నా పక్కన కూర్చున్న అత్తయ్య నా చేతి గడియారం వైపే చూస్తోంది.

అప్పుడొచ్చింది ఎలుగుబంటి. వీపు మీద పిల్ల. సరిగ్గా ఆయన వెళ్లిన బాట మొదట్లో ఉన్న చెదపుట్టను తవ్వడం మొదలుపెట్టింది. మా జీపుకు తలుపుల్లేవు, గుడ్డ పరదాలే.

"హారన్ కొట్టు అమ్మాయ్, బెదిరి పోద్ది" అంది అత్తయ్య గొంతు తగ్గించి.

"కొడితే ఆయన పరిగెత్తుకుంటూ దాని మీదికే వస్తారండీ."

"కొట్టకపోయినా వస్తాడుగా. ఆ బాటనేగా రావాలి."

ఆ మాటా నిజమే. పిల్లతో ఉన్న ఎలుగుకు మనిషి ఎదురుపడితే వదలదని గార్డు ముందే చెప్పాడు. మూడుసార్లు కాకుండా ఆపకుండా కొడితే, ఇదేదో వేరే సంగతని ఆయన ఆగుతారేమో అనిపించింది. అరచెయ్యి హారన్ మీద పెట్టి నొక్కి పట్టాను. ఎలుగు తలెత్తి మా వైపు రెండడుగులు వేసింది. నేను చెయ్యి తియ్యలేదు. "ప్రభువా, ప్రభువా" అంటోంది అత్తయ్య. కాసేపటికి అది పక్కకు తిరిగి పొదల్లోకి దూరిపోయింది.

రెండు నిమిషాల్లో మా ఆయన రొప్పుతూ వచ్చారు.

"తడికి వైరింగ్ షార్టయిందనుకున్నా. బ్యాటరీ దిగిపోద్దని పరిగెత్తుకొచ్చా."

నేను అనుకున్నదేదీ ఆయనకు తట్టలేదు. బాటకు అడ్డంగా మాను పడితే చుట్టూ తిరిగి రావడంతో ఆలస్యమైందట. పుట్ట దగ్గర బురదలో గోళ్ల గుర్తులు చూపించాను. వంగి చూసి, అక్కడే చతికిలబడ్డారు.

మధ్యాహ్నానికి వాగు తగ్గింది. టార్పాలిన్ ముడి విప్పబోయి ఆయన ఇంకా బిగించేశారు. నేనే విప్పాను. రెండో రోజు మాట ఎవరూ ఎత్తలేదు.

దోర్నాలలో టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు అడిగారు.

"అది పోకముందే నేనొచ్చుంటే?"

"తెలియదండీ" అన్నాను. ఇప్పుడడిగినా అదే చెబుతాను.

"రాలేదుగా, టీ తాగు" అంది అత్తయ్య.