ఆకాశానికి పంపే ముందు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది చలికాలం. జంషెడ్‌పూర్‌లో ఓ ఆసుపత్రి ఎమర్జెన్సీలో నేను డ్యూటీ డాక్టర్ని. ఒక మధ్యాహ్నం ఈశ్వర్‌ని స్ట్రెచర్ మీద తెచ్చారు. ఊళ్లోనే బారిడీహ్ పేటలో స్థిరపడ్డ తెలుగువాళ్ల కుర్రాడు, హిమాచల్ కొండల్లో పారాగ్లైడింగ్ పైలట్. సెలవుకి ఇంటికొచ్చి ఊరి బయట గుట్ట మీంచి ఎగిరితే, గాలి తిరగబడి గ్లైడర్ రెక్క ముడుచుకుపోయి కిందపడ్డాడు.

నడుం దగ్గర వెన్నుపూస విరిగింది. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఆపరేషన్ కోల్‌కతాలో చెయ్యాలి. రోడ్డు కుదుపులు ప్రమాదమని ఎయిర్ అంబులెన్స్ రప్పించారు. రాగానే తీసిన ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉంది.

బయల్దేరదీసే ముందు చూస్తే శ్వాస వేగం పెరిగింది.

"కుడిపక్క పొడుత్తంది మేడమ్. పర్లేదు" అన్నాడు.

పోర్టబుల్ అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ని ఫోన్‌కి తగిలించి ఛాతీ మీద ఆనించాను. ఊపిరి తీసినప్పుడల్లా ఊపిరితిత్తి పొర మెరుస్తూ జారడం కనిపించాలి. దాన్ని లంగ్ స్లైడింగ్ అంటాం. ఎడమవైపు చీమలబారులా కదులుతోంది. కుడివైపు కదలిక లేదు. ప్రోబ్ పక్కకి జరిపితే కదలిక మొదలయ్యే అంచు దొరికింది. న్యూమోథొరాక్స్! అంటే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో అది ఒక్కోసారి కనపడదు.

"ఏటమ్మా, ఇమానం వచ్చీసినాది కదా! ఇంకా ఏటి చూత్తన్నారు? నా పిల్లడి కాళ్లు పోతే ఎవులు తెత్తారు?" వాళ్లమ్మ ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది.

"ఛాతీలో గాలి చేరిందమ్మా. పైకెళ్లేకొద్దీ అది ఉబ్బి ఊపిరాడనివ్వదు. ముందు గొట్టం వేసి తీసెయ్యాలి."

"ఫొటోలో ఏటీ నేదన్నారు కదా!"

ఈశ్వర్ కళ్లు తెరిచాడు. "అమ్మా, కొండమీదకెళ్తే చిప్స్ ప్యాకెట్ ఎలాగుబ్బుతాదో తెలుసా? నా గుండెల్లో అలాగైతే?" నా వైపు తిరిగి, "కర్ దీజియే, మేడమ్. ఏసీండి గొట్టం" అన్నాడు.

మత్తుసూది ఇచ్చి పక్కటెముకల మధ్య గొట్టం వేశాను. గొట్టం రెండో కొస ముంచిన సీసాలో, బయటికొస్తున్న గాలికి నీళ్లు బుడబుడలాడాయి. నెమ్మదిగా అతని శ్వాస కుదుటపడింది. ఈ ఆలస్యానికి కాళ్లు పడిపోతే ఏం జవాబు చెప్పాలన్న భయం మాత్రం విమానం ఎగిరాక కూడా నన్ను వదల్లేదు. ఆపరేషన్ అయ్యాక కోల్‌కతా డాక్టర్ ఫోన్ చేసి, కాలివేళ్లు కదిలిస్తున్నాడని చెప్పాక గానీ నా మనసు తేలికపడలేదు.

వేసవిలో ఈశ్వర్ వాకర్ పట్టుకుని, వాళ్లమ్మతో కలిసి వచ్చాడు. మళ్లీ ఎగురుతావా అని అడిగితే వాళ్లమ్మే నవ్వింది. "ముందు నడవనీయండమ్మా. ఎగరడం తరవాత సూద్దుం."

ఎక్స్‌రే చెప్పేది అది తీసిన క్షణం సంగతి. మనం పంపేది ఇప్పుడు ఊపిరి తీస్తున్న మనిషిని. అందుకే ఎవరిని విమానం ఎక్కించాలన్నా, ఎంత తొందరలో ఉన్నా, ఆఖరిగా మరోసారి ప్రోబ్ పెట్టి చూస్తాను.