రూప్లి జబ్బ గాజులు

రూప్లి మొండిది. ఇల్లందు దగ్గరి ఆ తండాలో ఎవరినడిగినా అదే చెబుతారు. రొమ్ములో గడ్డ పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా సీజనంతా పత్తి ఏరిన మనిషి! చివరికి మొగుడు భీమ్లా బలవంతాన హైదరాబాదు తీసుకుపోతే, ఎడమ రొమ్ము తీసేశారు.

కుట్లు మానాక డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది.

"చంకలోకి కూడా పాకిందమ్మా. కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకుంటే మంచిది. నెల పైనే ఇక్కడ ఉండాలి. వద్దంటే మాత్రలిచ్చి పంపిస్తా. మళ్లీ రాదని మాత్రం చెప్పలేను. పెట్టించుకుంటే ఆ గాజులు తీసేయాలి. చెయ్యి వాచింది, పైకెత్తితే అవి అడ్డం."

రూప్లి గాజుల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెళ్లిలో మోచేతి పైన తొడిగిన తెల్లగాజులవి. ఆపరేషనప్పుడు కాళ్లావేళ్లా పడితే గుడ్డ చుట్టి వదిలేశారు. లంబాడీ ఆడదాని జబ్బ నుంచి వాటిని తీసేది మొగుడు పోయినప్పుడే. పైగా భీమ్లా రోజూ బొగ్గుగనిలోకి దిగే మనిషాయె! గని కూలి చనిపోయినవాళ్ల పెళ్లాలకు ఆ గాజులు తీయడం ఆమె కళ్లారా చూసింది.

తండాకు తిరిగొచ్చాక పెద్దమనిషి తుల్సీరాంను అడిగారు.

"తియ్యిమని ఏ నోటితోని చెప్పాలె? వద్దని ఏ నోటితోని చెప్పాలె?" అని ఆయన లేచి వెళ్లిపోయాడు. అత్త మంగ్లి గోడకేసి తిరిగి ఏడ్చింది. ఒకపక్క కొడుకు, ఒకపక్క కోడలు. పాపం, ఆమె మాత్రం ఏం చెబుతుంది!

"నేను బతికే ఉన్న గదనే! నేనే చెప్తున్న, తీసెయ్," అన్నాడు భీమ్లా.

"నీకేమన్న అయితె?"

"నీకైతె?"

రూప్లికి ఒళ్లు మండింది. "నా పానం పోతె పోనీ. నీ మీదికి తెచ్చి నేను బతుకుడేంది?"

భీమ్లా అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎంత మొండిదైతే మాత్రం అది చూసి ఎంతసేపు బిగదీసుకుంటుంది? ఒక్క మాట మీద ఒప్పుకుంది.

"మల్ల గాజులు తొడుక్కునేదాక నువ్వు గనిల దిగొద్దు. నా మీద ఒట్టెయ్."

"అవ్, దిగ. సెలవు పెడ్త."

రంపపు బ్లేడుతో గాజుల్ని భీమ్లానే కోశాడు. కోస్తున్నంతసేపూ ఆమె మొగుడి మొహాన్నే చూసింది.

పిల్లల దగ్గర అతను ఆగిపోతే, అత్తను తోడు తీసుకుని హైదరాబాదు వెళ్లింది. అతని సెలవులన్నీ ఆపరేషనుకే అయిపోయాయని, ఇంకా మానితే నౌకరి ఉండదని రూప్లికి తెలియదా? తెలుసు. ఒట్టు వేయించుకునేటప్పుడూ తెలుసు.

బల్ల మీద పడుకోబెట్టి, బోసి చేతిని తల మీదికి ఎత్తిపెట్టించి, "కదలొద్దమ్మా" అని తలుపు మూసి వెళ్లిపోయారు. మిషను గుర్రుమంది. అక్కడ గనిలోకి రెండో షిఫ్టువాళ్లు దిగే వేళ.

'దిగుతుంటడు,' అనుకుంది. కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకుందామంటే చెయ్యి దించడానికి లేదు.