మిస్సింగ్ అంటే ఏ బండికి అని అడిగాను

నిన్న పొద్దున్న మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది.

సింహాచలం బావ. లారీ ఇంజిన్‌లో తల దూర్చి, వీపు మాత్రమే కనిపిస్తున్న ఫోటో. కింద మా అక్క కొడుకు ఒకే మాట పెట్టాడు.

"మిస్సింగ్."

నేను స్టవ్ మీద పాలు పెట్టి ఉన్నాను. చూసి నవ్వుకుని రిప్లై కొట్టాను. "ఏ బండికి బావా? ఎన్నో సిలిండరు?" పక్కన నవ్వే బొమ్మ కూడా.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. మా అక్క భర్త సింహాచలం సాలూరులో లారీ మెకానిక్. షెడ్డు భాషలో మిస్సింగ్ అంటే ఇంజిన్‌లో ఒక సిలిండర్ సరిగ్గా పని చెయ్యకపోవడం. బండి ఆగి ఉన్నప్పుడు గజగజా ఊగుతుంది.

మా ఇంట్లో ఆ మాటకి ఇంకో అర్థం ఎప్పుడూ లేదు.

పాలు పొంగేలోపు అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోనాడే" అంది.

షెడ్డులో టీ తాగుతూ అలాగే పక్కకి ఒరిగిపోయాడట. హాస్పిటల్ దాకా కూడా వెళ్లలేదు.

నేను స్టవ్ కట్టేశాను. పొంగిన పాలు తుడిచాను. గిన్నె కడిగాను. అప్పుడు వెళ్లి అమ్మకి చెప్పాను.

సాయంత్రానికి సాలూరులో అన్నీ అయిపోయాయి. అందరూ ఏడ్చారు. నాకు రాలేదు. అక్కని పట్టుకుని కూర్చున్నాను, అంతే. చివరికి అక్కే నన్ను లేపింది.

"అమ్మకి రేపు డయాలసిస్ కదే. ఎల్లిపో. మీ బావ ఉన్నా అదే సెప్పును."

అమ్మని కారెక్కించుకుని మా ఊరు నెల్లిమర్ల వచ్చేశాను.

ఈ కారు గురించి చెప్పకుండా బావ గురించి చెప్పలేను.

అమ్మని రోజు విడిచి రోజు విజయనగరం హాస్పిటల్‌కి తీసుకెళ్లేది నేనే. పోయిన ఎండాకాలం కారుకి ఈ ఊపుడు రోగం పట్టుకుంది. రోడ్డు మీద పరిగెడితే బాగానే ఉండేది. రైల్వే గేటు దగ్గర ఆపితే చాలు, సీట్లతో సహా ఊగిపోయేది. ఒక్కోసారి ఆగిపోయేది. సూదులు గుచ్చిన చేతిని ఒళ్లో పట్టుకుని అమ్మ పళ్లు బిగించి కూర్చునేది. డయాలసిస్ ఉన్న రోజే ఇది మధ్య దారిలో చచ్చిపోతే ఏం చెయ్యాలా అని నాకు నిద్ర పట్టేది కాదు.

ఇక్కడ చూపిస్తే పెట్రోల్ బాగోలేదన్నారు. ప్లగ్గులు మార్చారు. ఏం మారలేదు.

బావకి ఫోన్ చేశాను. బస్సెక్కి వచ్చేశాడు. కారు చుట్టూ ఒక రౌండ్ కొట్టి, "ఏటే మరదలా, ఇది బండేటి, అగ్గిపెట్టి! దీనికో ఇంజినొకటా?" అన్నాడు.

తర్వాత చాలా ధీమాగా, "మౌంటింగులు పోనాయి" అని తేల్చేశాడు. అంటే ఇంజిన్ కింద ఉండే రబ్బరు దిమ్మలు. అవి మార్చేసరికి మధ్యాహ్నం దాటింది. స్టార్ట్ చేస్తే అదే ఊపు.

బావ మూతి ముడుచుకుని అరుగు మీద కూర్చున్నాడు. "నీ బండి అబద్ధాలాడతన్నాదే" అన్నాడు. అన్నానికి పిలిచినా లేవలేదు.

అమ్మ మెల్లగా వెళ్లి ముందు సీట్లో కూర్చుని, నన్ను మళ్లీ స్టార్ట్ చెయ్యమంది. డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టింది. బావ అమ్మకి సొంత తమ్ముడి కొడుకు. అల్లుడయ్యాక కూడా ఒరే అనే పిలిచేది.

"ఒరే సిమ్మాసలం, ఇలగ్గా సెయ్యెట్టి సూడు. ఊగడం ఒక్కలాగ నేదురా. మధ్యలో ఒకటి తప్పతన్నాది."

బావ వచ్చి చెయ్యి పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. ఒక్కసారి గట్టిగా అరిచాడు. "అత్తా! మిస్సింగే!"

ఇంజిన్ ఆన్‌లో ఉండగానే ఒక్కో సిలిండర్‌కి నిప్పురవ్వ అందించే కాయిల్ వైరు పీకి, మళ్లీ పెడుతూ పోయాడు. పీకినప్పుడు ఊపు ఇంకా పెరిగితే ఆ సిలిండర్ బాగున్నట్టు. పీకినా ఏ తేడా లేకపోతే చచ్చినది అదే.

మూడోది పీకితే తేడా లేదు. "ఇదీ! తిని కూకున్నాది" అన్నాడు. దాని కాయిల్ తీసి మొదటి దానికి పెడితే, ఈసారి మొదటిది చచ్చిపోయింది.

"రోగం ఇల్లు మారింది. కాయిలేనే."

కొత్త కాయిల్ తెప్పించి వేశాడు. బండి ఆన్‌లో ఉందో లేదో తెలియనంత నిమ్మదిగా నిలబడింది. గ్రీజు చేతులతోనే అన్నానికి కూర్చోబోతే అమ్మ కసిరింది. "సేతులు కడుక్కోరా ముందు!"

నిన్నటి నుంచి ఆ వైర్ల సంగతే నా బుర్రలో తిరుగుతోంది. పీకినా తేడా లేకపోతే చచ్చినది అదే. బావ పోయాడు. నాకు ఏ తేడా తెలియట్లేదు. బావ తిని కూర్చున్న సిలిండర్ కాదు, మరి నేనేమైనా చచ్చిన దాన్నా అని భయమేసింది.

ఈ పొద్దున్న అమ్మతో బయల్దేరాను. రైల్వే గేటు పడింది. ఆపాను. అమ్మ అలవాటుగా డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"ఒక్కటీ తప్పట్నేదే" అంది.

గూడ్సు వెళ్లిపోయింది. గేటు ఎత్తారు. వెనక హారన్లు కొడుతున్నారు. ఏదో ఊగుతోంది. మళ్లీ వచ్చింది మిస్సింగ్ అనుకున్నాను.

అమ్మ డాష్‌బోర్డు మీంచి చెయ్యి తీసి, స్టీరింగ్ మీదున్న నా చేతుల మీద పెట్టింది. అప్పుడు తెలిసింది. ఊగుతున్నది బండి కాదు.

హాస్పిటల్ బయట కూర్చుని ఇది రాస్తున్నాను. అమ్మ లోపల ఉంది. ఏడుపు ఇంకా రాలేదు. చేతులు మాత్రం ఆగట్లేదు.

గ్రూపులో నా రిప్లై అలాగే ఉంది. నేను తియ్యలేదు.

బావా, ఇంక ఏ బండీ నీ కోసం రాదు. చేతులు కడుక్కుని చల్లగా పడుకో.