నీడలో సమ్మయ్య ఆరబెట్టిన పువ్వు

ఏప్రిల్, బుధవారం.

నిన్న చేసిన పనులు: నీళ్లు పట్టాను. బియ్యం చెరిగాను. చింతపండు గింజ తీసి, ఉప్పు వేసి కుండకెత్తాను. మిరపకాయలు వాకిట్లో ఎండబోశాను.

మధ్యాహ్నం కాయ తిరగేస్తుంటే ఫోన్ మోగింది.

"అక్కా, మీ సమ్మయ్య మిర్చి కల్లంల పడిపోయిండు. దవాఖానకు తీస్కపోయేలోపే..."

అతనితో కూలికి పోయిన మనిషి అంతవరకే చెప్పగలిగాడు.

ఆ కాయ రాత్రంతా వాకిట్లోనే ఉంది. ఎత్తబుద్ధి కాలేదు.

సమ్మయ్య నా మరిది. మా ఆయనకు సొంత తమ్ముడు. బస్తర్‌లో, భోపాలపట్నం దగ్గర మన ఊళ్లో పని దొరక్క, గోదావరి దాటి తెలంగాణలో మిర్చి కూలికి పోయాడు. ఎండదెబ్బ అన్నారు డాక్టర్లు.

పొద్దున్నుంచి మన ఊరి గ్రూపులో కొవ్వొత్తుల బొమ్మలు వస్తున్నాయి. "మంచి మనిషి." "తీరని లోటు."

ఇదే గ్రూపులో మొన్నటిదాకా అతని పేరు గంజాయి సమ్మయ్య.

అతను చేసిన పని ఏమిటో బతికుండగా ఒక్కరూ అడగలేదు. అందుకే వరుసగా రాస్తున్నాను. చదవండి.

మిర్చి కూలికి పోకముందు సమ్మయ్య ఉత్తరాన కొండల్లో, సర్కారు లైసెన్స్ ఉన్న హెంప్ తోటలో పనిచేశాడు. చూడటానికి గంజాయి మొక్కే. కానీ ఇది మత్తు చాలా తక్కువ ఉండే రకం. నొప్పుల మందుకు పనికొచ్చే గుణం దాని పువ్వు జిగురులో ఉంటుందట. కోతకు ముందు పువ్వును ల్యాబ్‌కు పంపుతారు. మత్తు హద్దు దాటిందని తేలితే పంటంతా తగలబెట్టాల్సిందే.

ఆడ మొక్కల్ని మాత్రమే ఉంచుతారు. కణుపు దగ్గర చిన్న తిత్తులు కనిపిస్తే అది మగది. పుప్పొడి రాలకముందే పీకేయాలి. ఒక్కటి మిగిలినా చుట్టుపక్కల పువ్వంతా గింజ కడుతుంది, జిగురు తగ్గిపోతుంది.

ఆ మగ మొక్కల్ని వెతికే పని సమ్మయ్యది.

పువ్వు మీది తెల్ల నూగు గోధుమరంగుకు తిరగాలి. జిగురు బొట్లను భూతద్దంలో చూడాలి. నీళ్లలా ఉంటే ఇంకా పచ్చి. పాలలా మారితే కోత.

మొదటి కోతలో ఏం చేశాడో తానే చెప్పుకొని నవ్వేవాడు.

కోసిన కొమ్మలన్నీ చీకటి గదిలో ఉండటం చూసి జాలిపడ్డాడట. "ఈ కొండోళ్లకు ఏం తెల్వదు, బూజు పట్టదా" అనుకున్నాడు. అందరూ తిండికి వెళ్లినప్పుడు కొమ్మలు డాబా మీదికి మోసుకెళ్లి, పట్టా పరిచి, శుభ్రంగా ఎండబోశాడు.

సూపర్‌వైజర్ వచ్చి నెత్తి పట్టుకున్నాడు. "అరే బస్తర్‌వాలే, యే మహువా నహీ హై!"

ఇది ఇప్పపువ్వు కాదురా, అని.

మనమంతే కదా. ఇప్పపువ్వు, చింతపండు, మిర్చి, ఏది ఇంటికొచ్చినా ముందు ఎండ చూపిస్తాం. ఆ పువ్వుకు ఎండ తగిలితే వాసనా పోతుంది, మందు గుణమూ పోతుంది.

చీకటి గదిలో కొమ్మలు తలకిందులుగా వేలాడదీయాలి. గదిలో గాలి ఆడాలి, పువ్వుకు నేరుగా కొట్టకూడదు. సన్న కాడ వంచితే పుటుక్కున విరగాలి. అప్పుడు దించి గాజు సీసాల్లోకి, నిండా కుక్కకుండా. మొదట్లో రోజూ మూత తీసి కాసేపు గాలి పట్టించాలి. పచ్చిగడ్డి వాసన పోయి అసలు వాసన వచ్చేదాకా, వారాల తరబడి ఇదే పని.

"నీ ఆవకాయ జాడీ లెక్కనే వదినా. నువ్వు తడి లోపలికి పోనియ్యవ్, మేం తడి బయటికి పోనిస్తం. గంతే ఫరక్."

ఓసారి సెలవుకు వస్తుంటే దారిలో చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారు. సమ్మయ్య దుప్పటికి ఆ పువ్వు వాసన. ఫోన్ నిండా ఆ మొక్కల ఫోటోలు. ఆ రాత్రి స్టేషన్‌లో కూర్చోబెట్టారు. తెల్లారి తోట యజమాని కాగితాలు పంపితే వదిలేశారు. కేసు లేదు, ఏమీ లేదు.

వాళ్లు కాగితం చూసి వదిలేశారు. మన ఊరు కాగితం చూడలేదు, వదలనూ లేదు.

సిగ్గుతో అతని భార్య సారక్క మళ్లీ ఆ కొండలకు పంపనంది. ఇక్కడేమో తునికాకు కల్లంలో కూడా పని ఇవ్వలేదు. "నీతోని మాకెందుకు పరేషాన్?" అన్నారు.

టీ హోటల్‌లో రోజూ అదే మాట. "ఏంది సమ్మయ్యా, ఇయ్యాల సంచిల ఏం మాల్ తెచ్చినవ్?"

"ఉప్పు, సబ్బు. వాసన చూస్తవా?" అనేవాడు నవ్వుతూ. ఇంటికొచ్చి ఆ సంచిని మూలకు విసిరేవాడు.

అందుకే మిర్చి కూలికి పోయాడు. సరదాకి పోలేదు.

పువ్వుకు ఎండ తగలకుండా కాపాడటం నేర్చుకున్న మనిషి, నడి ఎండలో పరాయి ఊరివాళ్ల కాయ తిరగేస్తూ పోయాడు.

మిర్చి కూలికి బయల్దేరేముందు అతనితో అన్నాను, "నువ్వు చేసిన పనేందో నేను గ్రూపుల రాస్త, ఒక్కసారన్న తెలుసుకోనీ."

"ఇప్పుడొద్దు వదినా. రాస్తే ఇంకోసారి సంచి ఇప్పమంటరు. నేను పోయినంక రాయి. అప్పుడైతే చెక్ చేసేటోడు ఉండడు."

"నోరు ముయ్, పాడు మాటలు" అని తిట్టాను. రాస్తానని మాత్రం మాటిచ్చాను.

కొవ్వొత్తి బొమ్మ పెట్టినవాళ్లు దీని కింద కూడా ఒక మాట రాయండి. అతన్ని ఏమని పిలిచారో, ఆ పేరుతోనే రాయండి.

వాకిట్లో కాయ ఇప్పుడే నీడకు ఎత్తాను.

సమ్మయ్యా, ఇక నీ సంచి ఎవరూ విప్పరు. చల్లని నీడలో నిమ్మళంగా పడుకో నాయనా.

నీ గురించి రాస్తానన్న మాట బాకీ ఉండేది. ఈ రోజుతో చెల్లు.