సింగిల్ ఫొటో

వీధిలో అతన్ని అందరూ ‘కదలకండి’ అనే పిలుస్తారు. ఫొటో స్టూడియోలో తల నెరిసిన మనిషి. తలుపు తోసుకుని ఎవరు లోపలికొచ్చినా అతని నోట వచ్చేవి మూడే మాటలు: జుట్టు సర్దుకోండి, గడ్డం కొంచెం పైకి, కదలకండి. కూరగాయల కొట్లో త్రాసు ఊగుతున్నా కదలకండి అంటాడని భార్య పదిమందిలో చెప్పి నవ్విస్తుంది.

ఆ ఆదివారం వీధివాళ్లంతా కలిసి, కేన్సర్ ఆస్పత్రిలో వైద్యం చేయించుకుంటున్న పిల్లల్ని ఊరి చివర తోటకు తీసుకెళ్లాలనుకున్నారు. ఒకరు బస్సు మాట్లాడారు. ఒకరు భోజనాలు నెత్తినేసుకున్నారు. ఫొటోల పనికి అతన్ని అడక్కుండానే భార్య ఒప్పేసుకుంది.

“తీస్తాను. కానీ అందర్నీ కలిపే తీస్తా. ఒక్కొక్కర్ని విడిగా తీయను,” అన్నాడతను కెమెరా అద్దం తుడుస్తూ.

ఎందుకని ఆమె అడగలేదు. స్టూడియో వెనక గదిలో జరిగే పని ఆమెకూ తెలుసు. ఎవరో పర్సులోంచి చిన్న ఫొటో తీసి, కళ్లు తుడుచుకుని, దీన్ని పెద్దది చేసివ్వండి అంటారు. బతికుండగా నవ్విన నవ్వు ఆ గదిలో మెల్లగా గోడంత అవుతుంది. పిల్లల ఫొటో వచ్చిన రోజు అతను అన్నం సరిగా తినడు.

“సరే. అక్కడ మాత్రం జుట్టు సర్దుకోండి అనకండి. మందులకి ఆ పిల్లల జుట్టంతా ఊడిపోయి ఉంటుంది,” అంది.

“ఆమాత్రం నాకు తెలీదా?”

“మీకు తెలుసు. మీ నోటికే తెలీదు.”

తోటలో ఎండ ఆకుల్లోంచి జల్లెడ పట్టినట్టు రాలుతోంది. మాస్కుల పైన కళ్లు మాత్రమే కనిపించే పిల్లల్ని అతను మెట్ల మీద తీశాడు, ఉయ్యాలల దగ్గర తీశాడు, బెంచీ మీద ఇరికించి తీశాడు. ఏ ఫొటోలోనూ ఏ ముఖమూ ఒంటరిగా లేదు. అతనికి అదే కావాలి.

భోజనాలయ్యాక ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

“అన్నయ్యగారూ, మా అమ్మాయిని ఒక్కదాన్నే ఒకటి తీసిపెట్టరూ?”

“ఇందాక బెంచీ మీద తీశానమ్మా. ముందు వరసలోనే ఉంది.”

“అందులో పక్కపిల్ల మోచెయ్యి అడ్డమొచ్చింది. ఒక్కతే ఉండాలండీ.”

“మబ్బు పట్టింది. వెలుతురు చాలదు.”

అమ్మాయి తలెత్తి ఆకాశమంతా వెతికింది. “ఎక్కడ మావయ్యా మబ్బు?”

అతను కాస్త దూరంలో గిన్నెలు సర్దుతున్న భార్య వైపు చూశాడు. ఆమె ఆదుకోలేదు.

“పెద్దదేం వద్దండీ, బిళ్లంత చాలు,” అంది తల్లి. “వచ్చే నెల నుంచి బడికి పంపమన్నారు డాక్టరుగారు. బడి కార్డు మీద అంటించాలి. పాత ఫొటో ఇస్తే ఈ పిల్ల కాదంటారేమోనని.”

“అందులో నాకు రెండు జడలు. నేనే నమ్మను,” అంది అమ్మాయి.

అతను కెమెరా పట్టీ సవరించుకున్నాడు.

“బడి కార్డుకా? ముందే చెప్పొద్దూ,” అన్నాడు. “దానికి వెనక తెల్లగా ఉండాలి.”

భార్య భోజనాల బల్ల మీది గుడ్డ లాక్కొచ్చింది. కూర మరకున్న కొస కిందికి మడిచి, ఒక చివర తను, మరో చివర తల్లి పట్టుకున్నారు. అమ్మాయి మాస్కు తీసి ముక్కాలిపీట మీద కూర్చుంది. అతను వంగి కెమెరాకు కన్ను ఆనించాడు. అందులో ఒక్క ముఖమే ఉంది.

“జుట్టు సర్దుకో తల్లీ, గడ్డం కొంచెం...”

మాట సగంలో తెగింది. భార్య చేతిలో గుడ్డ కొస జారబోయింది.

అమ్మాయి అరచెయ్యి నాలుకతో తడుపుకుంది. నున్నటి తలను ముందు నుంచి వెనక్కి నిమిరి, రెండు చెవుల మీదా ఒక్కోసారి దువ్వి, “సరిపోయిందా?” అంది.

అతను మళ్లీ కెమెరాకు కన్ను ఆనించాడు.

“కుడివైపు కొంచెం.”

అమ్మాయి కుడివైపు సర్దుకుని గడ్డం పైకెత్తింది. వెనక తెల్లగుడ్డ ఆగకుండా ఊగుతోంది.

“కదలకండి,” అన్నాడతను, నవ్వాపుకోలేక వణుకుతున్న ఆ ఇద్దరు ఆడవాళ్లతో.